అంజనాద్రి మెట్లమీఁద

తీర్థయాత్రలకుఁ బోయి వచ్చినవారు దేవునిగూర్చి వ్రాయుట వాడుక. మేము వ్రాయఁబోవునది దేవునిగూర్చి కొంతయు, సినిమానుగూర్చి కొంతయు, మా యింటి యాడుబిడ్డగారినిగూర్చి కొంతయు నై యుండును. ఈ మూఁడును మాకు నొక్కచోటఁ గలిసిన తావు అంజనాద్రి.

2025 జనవరిలో సంక్రాంతి సెలవులకు మేము హంపీకిఁ బ్రయాణమైతిమి. మావారు అనంతపురము జిల్లాలో నొక పల్లెటూరి బడిలోఁ దెలుఁగు పంతులు. వారికి హంపీ యన్నఁ గృష్ణదేవరాయలు. ఆముక్తమాల్యద రచించిన ప్రభువు తిరుగాడిన నేలను జూడవలయునని మా పెండ్లినాఁటినుండి యనుచుండిరి. మా వదినగారికి హంపీ యన్న విరూపాక్షస్వామి. పదునైదేండ్ల మా యబ్బాయికి మాత్రము ఈ రెండును గావు. వాఁడు 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ సినిమాను నాలుగుమాఱులు చూచినవాఁడు. ఆ చిత్రములోని కల్పిత గ్రామము పేరు అంజనాద్రి. ఆ పేరుగల కొండ నిజముగాఁ దుంగభద్ర యొడ్డున నున్నదని తెలిసినది మొదలు వానికి నిద్రలేదు. పదునొకండేండ్ల మా యమ్మాయి, అన్న యేమన్నను గాదనుటకై మాతో వచ్చినది.

ఆ చిత్రము చూడని సోదరీమణులకొఱకుఁ గథ కొంచెము చెప్పవలెను. ప్రశాంత్ వర్మ దర్శకత్వమున 2024 జనవరి 12వ తేదీన విడుదలయైన యీ చిత్రములో, తేజ సజ్జా యను యువనటుఁడు హనుమంతు అను పల్లెటూరి కుఱ్ఱవానిగా నటించెను. చిల్లర దొంగతనములు చేయుచుఁ దిరుగు వానికి నీటియడుగున నొక మణి దొరకును. ఆంజనేయుని రక్తబిందువువలనఁ బుట్టిన మణి యది. సూర్యకిరణములు దానిపైఁ బడినంతసేపు వానికి మానవాతీతమైన బలము. వెలుఁగు లేనప్పుడు మరల మామూలు మనుష్యుఁడే. ఆ బలమును గాజేయ వచ్చిన దుష్టుఁడు మైకేల్. వాఁడు చిన్ననాఁడు పాశ్చాత్యుల సూపర్‌హీరో కథలు చూచి, ఆ వీరులకుఁ దలిదండ్రులు లేరు గావునఁ దానును వీరుఁడు కావలెనన్నఁ దలిదండ్రులుండరాదని తలఁచి, కన్నవారినే మట్టుపెట్టినవాఁడు. ఇక్కడ హనుమంతుకును దల్లి లేదు. అక్క అంజమ్మయే తల్లియై పెంచినది. వరలక్ష్మీ శరత్‌కుమార్ ఆ పాత్రను ధరించినది. తమ్ముఁడే లోకముగా బ్రదికి, కొబ్బరికాయలతో దుండగులను మోదిన యా యక్క కథ ముగియక మునుపే ప్రాణములు గోల్పోవును. కడపట మంచుకొండలలో నున్న యాంజనేయుఁడే కదలివచ్చును. శ్రీరామునకుఁ దానిచ్చిన మాట యేమి యను ప్రశ్నతోఁ దెఱ దిగును. తక్కినది ‘జై హనుమాన్’ అను రెండవ భాగముగా 2025లో వచ్చునని ప్రకటించిరి.

గుంతకల్లులో రైలెక్కి బళ్లారిమీఁదుగా హొసపేటలో దిగితిమి. అక్కడినుండి హంపీ 13 కిలోమీటర్లు. 1336లో వెలసి, 1565లో తళ్లికోట యుద్ధమునకుఁ బిదప బూడిదయైన మహానగరము అది. దానినిఁ గూర్చి వ్రాయఁబూనిన నొక గ్రంథమగును గావున, ఒక్కటి మాత్రము చెప్పెదము. పదునైదవ శతాబ్దపు హజారరామాలయము గోడలమీఁద రామాయణకథ వరుసలు వరుసలుగాఁ జెక్కఁబడియున్నది. మా వదినగారు చదువు రానివారు. వారు ఆ గోడవెంట మెల్లగా నడచుచు, ఒక్కొక్క బొమ్మకడ నిలిచి, ఒక్క పొరపాటునులేక కథ చెప్పిరి. మావారి చేతిలోని పుస్తకము మూఁతపడినది. “అమ్మా! ఇదియు సినిమావంటిదే; బొమ్మ వెనుక బొమ్మ” అని మా యబ్బాయి యనెను.

ఇచట మా యింటిమాట యొకటి చెప్పక తీఱదు. మావారికి నైదేండ్లు నిండకమున్నే మా యత్తగారు గతించిరి. అప్పటికి వదినగారికిఁ బదునాఱేండ్లు. వచ్చిన సంబంధము నొల్లక, వేరుసెనగ చేలలోఁ గూలికిఁ బోయి, రాత్రులు విస్తళ్లు కుట్టి, తమ్ముని బంతులు దాఁకఁ జదివించిరి. మేము కాఁపురమునకు వచ్చినప్పుడు తాళపుచెవులు మా చేతఁబెట్టి తాము గేదెను, పెరటిని జూచుకొనుచుండిరి. రానున్న వేసవిలో మావారికిఁ బట్టణమునకు బదిలీ కావచ్చునని యపుడు తెలియవచ్చినది. అబ్బాయి చదువునకును అదియే మేలు. కాని పట్టణములో మా కందుబాటులోనున్నది రెండు గదుల యిల్లు. “నేనిక్కడనే యుందును, గేదె నెవరు చూతురు?” అని వదినగారే ముందుగా ననిరి. మావారు “సరే” యనిరి. మాకును లోలోపల “అదియే నయము” అని తోఁచిన మాట దాఁచనేల? పదునాఱేండ్లలోఁ దొలిసారిగా మా వంటిల్లు మాదగునని సంతోషించితిమి. ఆ ముడిని మనసున వేసికొనియే యాత్రకు బయలుదేఱితిమి.

మఱునాఁ డుదయమున వంతెనమీఁదుగాఁ దుంగభద్రను దాఁటి యానెగొంది చేరితిమి. ఇది కొప్పళ జిల్లాలోనిది. కిష్కింధ యిదియే యని పెద్దలమాట. పంపాసరస్సు, వాలికోట, ఋశ్యమూకము అను పేరులన్నియు నిక్కడివారి నోట మన యూరి వీథుల పేరులవలె వినఁబడును. ఎటు చూచినను గుండ్రని పెనుబండలు ఒకదానిపై నొకటి నిలిపినట్లున్నవి. వానరులు సేతువునకై తెచ్చి మిగిలినవానిని విడిచిపోయిరా యనిపించును. ఆ ఱాళ్లనడుమనే పచ్చని వరిమళ్లు, అరఁటితోఁటలు. తుంగభద్ర యానకట్ట 1953లో సిద్ధమై కాలువలు పాఱినపిమ్మటఁ గోస్తా జిల్లాల తెలుఁగు రైతులు పెక్కుమంది గంగావతి ప్రాంతమునకు వచ్చి భూములుకొని స్థిరపడిరి. వారి పల్లెలను నేఁటికిని క్యాంపులందురు. ఇంటఁ దెలుఁగు, వీథిలోఁ గన్నడము.

అంజనాద్రి శిఖరమునకు 575 మెట్లు. సున్నముకొట్టిన తెల్లని గుడి క్రిందినుండియే కనఁబడును. కోఁతులకుఁ గొదువలేదు, మా యమ్మాయి చేతి యరఁటిపండు పదవ మెట్టుకడనే స్వామికి ముట్టినది! సగము దూరము పోవునప్పటికి వదినగారి మోఁకాళ్లు మొరాయించినవి. ఒక పెద్దబండ నీడను గూర్చుంటిమి. అక్కడ నప్పటికే యైదాఱుగురు యువకులు కూర్చుండి గట్టిగా వాదులాడుకొనుచుండిరి. నలువురు గంగావతికడ నొక క్యాంపు తెలుఁగువారు, ఇరువురు హొసపేట కన్నడిగులు. వాదము రెండు భాషలలోను నడచుచున్నది. మా యబ్బాయి ఒక నిమిషము చెవియొగ్గి, మఱునిమిషము వారి నడుమఁ గూర్చుండెను. వాదము ‘జై హనుమాన్’ను గూర్చియే.

ఒక కన్నడ యువకుఁడు తన చేతిఫోనులో 2024 అక్టోబరు 30న వెలువడిన చిత్రమును జూపుచుండెను. ఋషభ్ శెట్టి యాంజనేయుఁడై మోఁకరిల్లి, శ్రీరాముని విగ్రహమును జేతులఁ బొదివికొనియున్న బొమ్మ అది. “స్వామి పుట్టినది ఈ కొండమీఁద, ఆ వేషము ఈ నేలబిడ్డకు దక్కుట న్యాయమే. 2022లోఁ ‘గాంతార’ చూడలేదా? పూనకమువచ్చినట్లు నటించెను” అని వాని పక్షము.

“నటుఁడు గొప్పవాఁడే, కాదనము” అని యొక తెలుఁగు యువకుఁ డందుకొనెను. “కాని మొదటి భాగములో స్వామి ముఖమును సరిగాఁ జూపలేదు. కన్నులు చూచి మాలో ననేకులు చిరంజీవిగారే వత్తురని యాశపడితిమి. తెలుఁగున మొదలైన కథకుఁ దెలుఁగు నటుఁడే యున్న నిండుగా నుండెడిది.”

మూఁడవవాఁడు, వారిలోఁ జిన్నవాఁడు, తల యడ్డముగా నూఁపెను. “ఎవరు వేసిన నేమి? రెండవ భాగమునకు నాయకుఁ డాంజనేయస్వామియే యని దర్శకుఁడు చెప్పినాఁడు గదా. మన హనుమంతు ప్రక్కకుఁ బోవలసినదేనా? వెలుఁగు పోయిన బలము పోవువాఁడు గనుకనే వానికై మనము భయపడితిమి. స్వామికి భయమేమి? భయము లేనిచోఁ గథ యేమి?”

ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. అలంకారశాస్త్రము చదివినవారును ఇంతకన్న సూటిగా నడుగలేరు.

వారిలో నొకఁడు నవ్వి, “భయపడక పనిచేసినవారిని మనము చూడనే చూచితిమి గదా. 2024 ఆగస్టులో మన యానకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయి నీరంతయు నేటిపాలగునప్పుడు, పాఱుచున్న నీటిలోనే యినుప పలకలను దించి వారము దినములలో నడ్డుకట్ట వేసిరి. మా మళ్లు నిలిచినవి. వారిమీఁద సినిమా తీయుమనుఁడు” అనెను. వదినగారు కుతూహలముతో, “వారికిని మణి దొరకినదా నాయనా?” అనిరి. అందఱును నవ్విరి. అటుపిమ్మట వారు మమ్ములను గూడఁ దమ వాదములోఁ జేర్చుకొనిరి.

వదినగారు తమ హనుమంతునిఁ గూర్చి చెప్పిరి. 1975 నాఁటి ‘శ్రీరామాంజనేయ యుద్ధము’లో అర్జా జనార్దనరావుగారు ఆంజనేయుఁడు. ఆ బొమ్మ యెన్నియో యేండ్లు గడచినపిదపఁ బ్రక్కయూరికి డేరా సినిమాగా వచ్చినదఁట. తమ్ముఁడు చూచెదనని యేడ్చినాఁడు. పోవునప్పుడు నడచినాఁడు, వచ్చునప్పుడు నిద్రపోయినాఁడు. చీఁకటిలో భుజముపై మోసికొని వచ్చితినని వారనిరి. “అత్తయ్యా! హనుమంతుఁడు రామలక్ష్మణులను భుజములపై నెక్కించుకొని ఋశ్యమూకమునకుఁ దీసికొనిపోయినట్లా?” అని మా యమ్మాయి యడిగినది. “వారు మెలఁకువతో నుండిరి తల్లీ, మీ నాయన గుఱ్ఱు పెట్టినాఁడు” అనిరి వదినగారు. మావారు నేలవైపు చూచిరి.

మావారికి సభ దొరకిన నూరకుండలేరు. కన్నడ యువకునితో, “ఈ నేలయే జన్మస్థలమని యంత రూఢిగా ననకుము. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021 ఏప్రిలులో శ్రీరామనవమినాఁడు, తిరుమలలోని యంజనాద్రియే హనుమజ్జన్మస్థలమని ప్రకటించిరి. ఇక్కడివారు కాదనిరి. మహారాష్ట్రమున నాసికకడ అంజనేరి వారును మాదేయందురు. జార్ఖండములో గుమ్లా జిల్లా ఆంజన్ గ్రామమువారును మాదేయందురు” అనిరి. యువకులు మరల రెండు పక్షములైరి. పురాణములు, శాసనములు, కోపములు అన్నియు వచ్చినవి.

వదినగారు కొంతసేపు విని, “ఈ యూళ్లన్నింటికిని ఆ తల్లి పేరే పెట్టినారే!” అనిరి.

మేము అదరిపడితిమి. అంజనాద్రి, అంజనాద్రి, అంజనేరి, ఆంజన్. కొడుకు మాదనువా రందఱును దల్లి పేరునే పట్టుకొని వ్రేలాడుచున్నారు! ఇన్ని గ్రంథములు చదివిన మావారికిఁ గాని, మాకుఁ గాని యింతవఱకు నా మాట తోఁచలేదు.

అప్పుడు మా యబ్బాయి మావైపు తిరిగి, “అమ్మా! స్వామికి భయములేదని వీరనుచున్నారు. వాల్మీకములో నేమున్నదో నీవు చెప్పుము” అనెను. పరాయి మగపిల్లల నడుమ మాటలాడుట మా కలవాటు లేదు. అయినను ఋశ్యమూకముకడ శ్రీరాముఁడు హనుమంతునియందు మొదట మెచ్చినది భుజబలమును గాదు, మాటతీరును. ఆ నేలమీఁద నోరు మూసికొని కూర్చుండుట దోసమనిపించినది.

“నాయనలారా! మీ హనుమంతుకు వెలుఁగు పోయిన బలము పోవును. వాల్మీకి హనుమంతునకు అంతకన్నఁ బెద్దలోటు. బలము తనయందే యున్నది, ఉన్నదని తనకుఁ దెలియదు. బాల్యమున మునులను విసిగించి, ఎవరైన గుర్తుచేయువఱకు నీ బలము నీకుఁ దెలియకుండుఁగాక యని శాపము పొందినట్లు ఉత్తరకాండము చెప్పుచున్నది. సముద్రపుటొడ్డున వానరులందఱు దిగులుపడి కూర్చున్నప్పుడు తానును మౌనముగా నొకమూలఁ గూర్చుండెను. జాంబవంతుఁడు వచ్చి, నీవింతవాఁడవని పొగడి, వెంటనే చెప్పినదేమి? అంజనాదేవి కథ. నీ తల్లి యెవరో, నిన్నెట్లు కన్నదో వినుమని చెప్పిన పిమ్మటనే యతఁడు పెరుగ నారంభించెను. కావున వానికి మణి తల్లి కథయే” అని చెప్పితిమి.

“అట్లయిన సూపర్‌మ్యాన్?” అని కన్నడ యువకుఁడు అడిగెను. మా యబ్బాయి సిద్ధముగానే యుండెను. “1938లో అమెరికాలో బొమ్మల పుస్తకములోఁ బుట్టినాఁడు. వాని లోకము పగిలి కన్నవారు పోయిరి. కాని వానినిఁ బెంచినది ఒక రైతుదంపతులు. మైకేల్ ఆ కథను సగమే చూచినాఁడు!”

ఈమాటకు వాదము ముగిసినట్లే యయ్యెను. కాని మా యమ్మాయి యింకను ముగింపలేదు. “రెండవ భాగములో అంజమ్మ యుండునా?”

యువకు లొకరి మొగ మొకరు చూచుకొనిరి. ఎవరు ఆంజనేయుఁడు, ఎవరు దుష్టుఁడు, ఎంత ఖర్చు, మాట యేమి యని గంటసేపు వాదించినవారికి ఆ పేరు రాలేదు. “ఆమె చనిపోయినది గదా పాపా” అని చిన్నవాఁడు మెల్లగా ననెను.

“సినిమాయే గదా. బ్రదికింపరాదా?”

వదినగారు దాని తల నిమిరి నవ్వుచు, “పోనిమ్ము తల్లీ. పెంచినవారి పని పెంచుటతోఁ దీఱినది. రెండవ భాగములో వారికేమి పని?” అనిరి.

వారు నిష్ఠురముగా ననలేదు. అంజమ్మనుగూర్చియే యనిరి. అయినను మావారు లేచి, కోఁతులను దోలువారివలె దూరముగాఁ బోయి నిలిచిరి. మేమును వదినగారి మొగమువైపు చూడలేకపోతిమి.

తక్కిన మెట్లు మాటలులేక యెక్కితిమి. శిఖరమున ఱాతియందు వెలసిన యాంజనేయుఁడు, సీతారాములు, ఆ చెంతనే అంజనాదేవి. జనమంతయు స్వామికడ గుమికూడియున్నది, అమ్మకడ నలుగురైదుగురే. అక్కడినుండి చూచిన తుంగభద్ర ఱాళ్లనడుమఁ బాయలై తళతళలాడుచుండును. ఆవలి యొడ్డున విరూపాక్షుని గోపురము, ఈవలఁ బచ్చని మళ్లు. మా యబ్బాయి ఫోటోలు తీయలేదు. అత్తయ్య చేయిపట్టుకొని అమ్మగుడికడఁ గూర్చుండెను.

దిగునప్పుడు మోఁకాళ్లకు మఱింత బాధ. మావారు ఒక మెట్టు ముందు దిగి, వెనుకకుఁ జేయి చాఁచి, “అక్కయ్యా! నా భుజము పట్టుకొనుము” అనిరి. ఇరువది ముప్పది మెట్లు దిగినపిదప, తలత్రిప్పకయే, “మూఁడు గదుల యిల్లు చూచెదను. ఊరికిఁ గొంచెము దూరమైనను సరే” అనిరి.

వదినగారు రెండు మెట్లు మాటలాడలేదు. “గేదెను మూఁడవగదిలోఁ గట్టెదవా?” అనిరి తుదకు. మఱికొన్ని మెట్లు దిగి, “ఆ రెండవ భాగము వచ్చునప్పటికి నే నక్కడ నున్న, నాకు నొక టికెట్టు కొనుము. అంజమ్మను జూపకున్నను స్వామిని జూచెదను” అనిరి.

క్రింద ఆ యువకులు ఎదురై, మా యబ్బాయికి వీడ్కోలు చెప్పిరి. వారు మరల వాదములోనే యుండిరి. ఈసారి మాత్రము, ఆంజనేయునకు జాంబవంతుఁడుగా నెవరు కావలయునని. అంజనాదేవిగా నెవరు కావలయునని చిన్నవాఁడు. అంత మార్పు చాలును.

ఇంటికి వచ్చి యిది వ్రాయుచుంటిమి. వదినగారు చదువు రానివారని ముందే చెప్పితిమి గదా. ప్రతినెలయు ఈ పత్రికను వారికిఁ జదివి వినిపించునది మేమే. ఇదియు వినిపింపవలెను. “అదియే నయము” అని మాకుఁ దోఁచినట్లు వ్రాసిన పంక్తిని దాఁటవేయక చదువుటకు మాకుఁ గొంత బలము కావలెను. ఆ బలము మాయందున్నదని యెవరైన గుర్తుచేసిన బాగుండును.